ఖాకీ చొక్కాకు కాజాలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడటం నేర్చుకోలేదు. ఇరుగుపొరుగు మొగుళ్లు మేకను అమ్ముకుని తప్పిపోయిందంటారు, స్నేహితుడి పెళ్లికి పోయి ఆఫీసు పనంటారు, వాళ్ల పెళ్లాలకు కనీసం ఒక పూట అనుమానించే పనైనా దొరుకుతుంది. నాకా భాగ్యం లేదు. పినపాక దగ్గరి హైస్కూల్లో పిల్లలచేత కవాతు చేయించే పీఈటీ సారు, బాబూరావు సారు, అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటాడు. పైగా ఎవరూ అడగని వివరాలన్నీ ఇస్తాడు. ఇవాళ అన్నం తిని చెయ్యి కడుక్కుని, స్కూటరు దగ్గరికి పోయి, సంచీలోంచి కూతురి ఖాకీ చొక్కా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"మణుగూర్ల కాజాల మిషన్ ఖరాబైందట. బెల్టు తెగిందట. గా బెల్టు ఖమ్మం నుంచి రావాల్నట. తెచ్చేటాయనకు జరమట."

కాజాలు లేని చొక్కా. గుండీలు విడిగా చిన్న కాగితం పొట్లంలో. సాయంత్రం నాలుగింటి బస్సుకు మా జ్యోత్స్న కొత్తగూడెం పోవాలి. రేపు పొద్దున అటవీ శాఖలో కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లను యూనిఫాంలో వరసగా నిలబెడతారు, యూనిఫాం లేనివాళ్లకు ఆ వరసలో చోటు లేదని ముందే చెప్పారు. గడియారం రెండున్నర దాటింది. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. టైలరు కొట్టు నుంచి వచ్చిన కొత్త బట్టకు ఇస్త్రీ వాసన ఉండాలి. దీనికి పెట్రోలు వాసన. మడతల అంచున ఎర్రమట్టి సన్నటి గీతలా పట్టుకుని ఉంది. అంటే ఈ చొక్కా ఇవాళ రాలేదు, ఎన్నాళ్లుగానో స్కూటరు డిక్కీలో పడుకుని రోజూ బడికి పోయి వస్తోంది. హాజరు పట్టీ తీస్తే కొందరు పిల్లల కంటే మెరుగ్గానే ఉంటుంది. కాజాల కొట్టేమో టైలరు పక్క కొట్టే, చెయ్యి చాపితే అందుతుంది. బయట అరుగు మీద మా బావ లాల్‌సింగ్, మా ఆయన అన్న, భుజాన తువ్వాలు వేసుకుని పొద్దుటి నుంచీ కూర్చునున్నాడు. పిల్ల ఆ నౌకరీకి పోదని తమ్ముడు అన్నకు మాటిచ్చి ఉంటాడని నాకు అప్పుడే అర్థమైంది. మాట ఇచ్చినవాడు పిల్లకు వద్దని చెప్పాలి కదా, చెప్పలేదు. చొక్కాను దాచాడు.

"అట్లనా" అని మాత్రం అని, మిషన్ మీద కప్పిన గుడ్డ తీశాను.

వద్దనడం మా ఇంట్లో ఎవరికీ రాదు, ఆలస్యం చేయడం వచ్చు. నాకిది కొత్త కాదు. బీఏ పాసైన కొత్తలో నాకు భద్రాచలంలో లైబ్రరీ పనికి పిలుపొచ్చింది, అప్పుడూ ఎవరూ వద్దనలేదు, మంచిదే పో అన్నారు అందరూ. వెళ్లాల్సిన పొద్దున మా అత్తకు కళ్లు తిరిగాయి, ఆవు కట్టు తెంపుకుంది, మా బావకు హఠాత్తుగా నా చేతి జొన్నరొట్టె తినాలనిపించింది, రొట్టెలు కాలేసరికి బస్సు పోయింది. అందరూ ఎంత బాధపడ్డారో, అయ్యో పోయిందా అని. ఆ ఆవు చచ్చేదాకా మళ్లీ కట్టు తెంపుకోలేదు. అందుకే ఇప్పుడు ఈ చొక్కాను చూస్తే నాకు కోపం కూడా రావడం లేదు, పాత చుట్టం ఇంటికొచ్చినట్టుంది, రా కూర్చో, నిన్ను గుర్తుపట్టాను. ఈసారి రొట్టెలు చేయను. గీతలు గీసే సబ్బు ముక్క ఎక్కడ పెట్టాను? ఇదిగో.

ఇది తొక్కుడు మిషను, నల్లది, తిన్నగా కుట్టడం తప్ప ఇంకేమీ రానిది. మహిళా సంఘం వాళ్లు పెట్టిన శిక్షణలో మాకు జాకెట్లూ లంగాలూ నేర్పారు. జాకెట్టుకు హుక్కులు, లంగాకు నాడా, ఆడదాని బట్టలో కాజా రాదు, కాబట్టి నేర్పలేదు. చొక్కాలు మగవాళ్లవి, కాజాలు కూడా మగవాళ్లవే. ఒకసారి మణుగూరు టైలరును అడిగాను, ఈ మిషన్ మీద కాజా ఎలా వస్తుందని. "జాకెట్లు కుట్టుకునేటోళ్లకు కాజాలెందుకమ్మా?" అని నవ్వాడు. నవ్వకపోతే నేను మర్చిపోయేదాన్నేమో. ఫోన్లో వెతికాను, ముఖం కనపడని ఒక మనిషి చేతులు అర్థం కాని భాషలో నేర్పాయి. చేతులకు భాష అక్కర్లేదు. మా ఆయన పాత చొక్కాలన్నిటి మీదా సాధన చేశాను. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ కాజా. వాటిలో ఒకటి చూసుకోకుండా తొడుక్కుని బడికి పోయాడు, పిల్లలు "సార్, జేబుకు కిటికీ ఎందుకు సార్?" అని అడిగారట. సాయంత్రం వచ్చి నన్నేమీ అనలేదు, గాలి కోసమని చెప్పానన్నాడు. ఆ ఒక్కటీ మంచి అబద్ధమే, ఒప్పుకోవాలి.

అడుగు గుండీ నుంచి మొదలుపెట్టాను, అది ప్యాంటులోకి దూరిపోతుంది, చెడినా దేవుడికీ దర్జీకీ తప్ప ఎవరికీ కనపడదు. గుండీని బట్ట మీద పెట్టి, దాని వెడల్పు కంటే నూలుపోగంత ఎక్కువగా సబ్బుతో నిలువు గీత. లోపలి వైపు పలచటి గుడ్డముక్క. కుట్టు పొడుగు చూసే మీటను సున్నా దగ్గరికి నెట్టి, బట్టను అదిమిపట్టే పాదం స్క్రూ వదులు చేశాను, ఇక మిషన్ బట్టను లాగదు, నేనే లాగాలి, ఎడమకు ఒక వెంట్రుక, కుడికి ఒక వెంట్రుక, కాలు ఆడుతూనే ఉండాలి, చెయ్యి వణకకూడదు. గీతకు ఇవతల వైపు ఒక గట్టు, చివర అడ్డంగా ఒక కట్టు, అవతలి వైపు ఇంకో గట్టు, మళ్లీ కట్టు. చిన్న పొలం చుట్టూ గట్లు వేసినట్టే. పొలం అనగానే గుర్తొచ్చేది మా బావ పోడు, అడవి నరికి చదును చేసుకున్న నేల, పట్టా లేని నేల. ఆయన చేతులతో పీకిన మొద్దుల గుంతలు ఇప్పటికీ అక్కడక్కడా కనపడతాయి. ఆ పోడు పత్తితోనే మా ఆయన ఖమ్మంలో చదువుకున్నాడు, ఆ పోడు పత్తే ఆయన మెడలో విజిల్ అయ్యింది. అన్న మాట కాదనలేడు. కాదనలేనివాడు అవునని కూడా అనకూడదు కదా, రెండూ అంటాడు, ఒకటి అరుగు మీద, ఒకటి ఇంట్లో.

"బాబూ, గా మిషన్ చప్పుడు ఏంది?" బయటి నుంచి మా బావ.

మా లంబాడీల్లో తమ్ముడి భార్య బావతో ముఖాముఖి మాట్లాడదు, ఆయన ముందు తల మీది కొంగు తీయదు. ఇన్నేళ్లుగా మా బావా నేనూ మా ఆయన మధ్యలోంచే మాట్లాడుకుంటాం. ఆయన ఇంట్లో లేకపోతే మా బావ స్తంభానికి చెబుతాడు, నేను పొయ్యికి జవాబిస్తాను. స్తంభం, పొయ్యి మంచి స్నేహితులయ్యాయి.

"జాకెట్టు కుడుతున్ననని చెప్పు" అన్నాను.

"జాకెట్టు కుడుతుందట అన్నా" అన్నాడు మా ఆయన, చెవి గోక్కుంటూ. నా అబద్ధాన్ని కూడా పాడు చేశాడు.

కాజాకు అసలు గండం కొయ్యడంలో ఉంది. కుట్టు తప్పితే విప్పచ్చు, కోత తప్పితే ఇక అంతే. బ్లేడు పెట్టి కోస్తే ఆ చివర కట్టు కూడా పుటుక్కున తెగింది. అడుగుది కాబట్టి బతికాను, దాన్ని చేత్తో కుట్టి బిగించాను. రెండోదానికి బుద్ధొచ్చి రెండు చివరలా గుండుసూదులు అడ్డం పెట్టాను, బ్లేడు వాటి దగ్గర ఆగుతుంది. గుండీ దూర్చి చూశాను. దూరింది. బిగుతుగా, ఊడిరాకుండా. గుండీ ఉండాల్సినట్టు. నా పెళ్లైన కొత్తలో ఒక ఖాకీ చొక్కా చూశాను, దానికి గుండీ లేదు. ఆ రోజు అటవీ శాఖవాళ్లు జీపులో వచ్చి మా బావ పోడులో మోకాలెత్తు పత్తి పీకేశారు. తండాలో మగవాళ్లంతా అడవిలోకి పోయారు, నేను మా బావ గొడ్డలిని నీళ్ల డ్రమ్ములో వేసి మూత పెట్టాను. ఒకతను ఇంటి ముందు నిలబడి దాహమన్నాడు, వయసు చిన్నది, చెమటకు చొక్కా వీపుకు అతుక్కుని ఉంది, పొట్ట దగ్గర గుండీ పోయి పిన్నీసు పెట్టుకున్నాడు. ఆ డ్రమ్ములోంచే ముంచి ఇచ్చాను. గొడ్డలి కడిగిన నీళ్లు. చెంబు ఖాళీ చేసి, చల్లగా ఉన్నాయక్కా అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, పత్తి మొక్కలు వేర్లు పైకి పెట్టి ఎండలో పడున్నాయి, ఆ పిల్లాడికీ మొక్కలకీ ఏ పగా లేదు. చొక్కా లోపలి మనిషిని ఎవరూ చూడరని, చొక్కానే చూస్తారని ఆ రోజు అనుకున్నాను. ఆ లోపలి మనిషిని మారిస్తే? అది అప్పుడు తట్టలేదు.

జ్యోత్స్న గదిలోంచి తొంగి చూసింది, బూట్లు చేతిలో పట్టుకుని.

"అమ్మా, అయితదా?"

"అయితది. బూట్లు తుడుచుకో."

"బాపు ఏందే గట్ల తిరుగుతుండు, ఇంట్ల ఆ మూలకు ఈ మూలకు?"

"కవాతు" అన్నాను.

దాన్ని పరిగెత్తించింది ఆయనే. కోడి కూయకముందే లేపి, పినపాక రోడ్డు మీద స్కూటరు మీద వెనక వస్తూ విజిల్ ఊదుతూ. పోలీసో ఆర్మీనో ఏదో ఒకటి వస్తుందనుకున్నాడు. అటవీ శాఖ నడక పరీక్షలో అది అందరికంటే ముందొచ్చి నేల మీద కూలబడితే నీళ్లు తాగించి, ఎదురుగా వచ్చిన ప్రతివాడికీ నా బిడ్డ నా బిడ్డ అని చెప్పాడు. పరిగెత్తడం నేర్పాడు, ఎటు పరిగెత్తకూడదో చెప్పడం మర్చిపోయాడు. ఫలితాలు వచ్చిన రోజు మా బావ ఇదే అరుగు మీద కూర్చుని దాన్ని పిలిచాడు. అరిచుంటే బాగుండేది. ఆయన అరవలేదు.

"ఇంకో నౌకరీ దొరకలేదా బిడ్డా?"

"దొరికింది గిదే పెదబాపూ."

"నా పోడు మీదికే వస్తవా?"

"నన్ను ఏ బీటుకు ఏస్తరో ఎవరికెరుక? ఎవరో ఒకలు గా అంగీ తొడుక్కొని వస్తనే ఉంటరు గదా."

"ఎవరో వస్తే నేను నోరు లేపుత. నువ్వొస్తే ఎట్ల లేపాలె?"

జ్యోత్స్న దగ్గర జవాబు లేదు. తలుపు వెనక కొంగు కప్పుకుని నిలబడ్డ నా దగ్గరా లేదు. ఇప్పుడు కూడా లేదు, ఎడమకు ఒక వెంట్రుక, కుడికి ఒక వెంట్రుక, రేపు ఏదో ఒక వానాకాలం నా పిల్ల నిజంగానే ఒక జీపు దిగి ఎవరి పత్తి ముందో నిలబడాల్సి వస్తుంది, మా బావదే కావచ్చు, నా కడుపున పుట్టింది కాబట్టి గట్టు తగవుల్లో న్యాయం తప్పదని నేను పూచీ పడలేను. మంచిదే అవుతుందో, మిగతావాళ్లలాగే అవుతుందో. దాని తప్పులు అది చేయాలి. చేయడానికైనా ముందు అక్కడికి పోవాలి కదా. జవాబు దొరికేదాకా ఆగితే నాలుగింటి బస్సు ఆగదు. జవాబు లేకపోయినా కాజా కుట్టచ్చు. లైబ్రరీలో కూర్చునుంటే నేను మంచి లైబ్రేరియన్ని అయ్యేదాన్నో కాదో కూడా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. పుస్తకాలు సరిగ్గా సర్దేదాన్ని కాదేమో, వచ్చినవాళ్లతో కబుర్లు పెట్టేదాన్నేమో. ఆ కబుర్లే పోయాయి. అవెవరు తిరిగిస్తారు?

ముందు పట్టీ అయిపోయింది. జేబుల మూతలకు ఒక్కొక్కటి, అక్కడ బట్ట మందం, సూది ఎక్కేటప్పుడు ముక్కుతూ ఎక్కుతుంది, పాదాన్ని ఇంకాస్త వదులు చేశాను. భుజం పట్టీలైతే మరీ ఘోరం, లోపల బిగువు కోసం కాన్వాసు పెట్టాడు టైలరు, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో పోటూ వేయాలి. టైలరు పనివాడే, పాపం, ఆ నవ్వొక్కటి మినహాయిస్తే. మా ఆయన తిరిగి తిరిగి నా వెనక వచ్చి నిలబడ్డాడు. నీడ బట్ట మీద పడుతోంది. నిలబడ్డవాణ్ణి ఊరికే ఉంచడం ఎందుకని కుట్టిన భుజం పట్టీని ఆయన ముందుకు తోసి బ్లేడు చేతిలో పెట్టాను.

"నేనా?"

"నువ్వే. నడుమ పెట్టి అంచుకు కొయ్యి. గుండుసూది దాటకు."

"చెడిపోతే?"

"చెడగొట్టనీకే గదా ఇన్ని దినాలు తిప్పలు పడ్డవ్."

మెల్లగా, నవ్వుతూనే అన్నాను. ఆయన మొహం నేను చూడలేదు. చూడకుండానే తెలిసింది, బ్లేడు పట్టుకున్న చెయ్యి కాసేపు కదల్లేదు. చెడగొట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఒక్క గీటు పక్కకు పోతే చాలు, పట్టీ చీలుతుంది, బస్సు పోతుంది, అన్న దగ్గర మాట నిలుస్తుంది, జారిందని చెప్పచ్చు, చెవి కూడా గోక్కోనక్కర్లేదు. ఎందుకిచ్చానురా దేవుడా అనుకున్నాను. అయినా చెయ్యి చాపి వెనక్కి తీసుకోలేదు. కట్టు తెంపుకున్న ఆవు మీదా, కళ్లు తిరిగిన అత్త మీదా నెపం వేయడానికి వీల్లేని చోట ఈ మనిషిని నిలబెట్టాలి, చేస్తే తన చేత్తో చేయాలి, నేను చూస్తుండగా. ఊపిరి బిగబట్టాడు. పరుగు పందెంలో విజిల్ ఊదే ముందు అలాగే బిగబడతాడు. కోశాడు. గుండుసూది దగ్గర ఆగాడు. రెండో చివర కూడా. పొట్లంలోంచి గుండీ తీసి తనే దూర్చి చూశాడు, ఇటు లాగాడు, అటు లాగాడు, ఊడిరాలేదు.

"మంచిగొచ్చింది" అన్నాడు.

రెండో భుజం కూడా ఆయనే కోశాడు. నేను గుండీలు కుట్టాను. మిగిలింది మెడ పట్టీ ఒక్కటే. అది మాత్రం అడ్డంగా వేయాలి, మిగతావన్నీ నిలువు, ఇది అడ్డం, మెడ తిప్పినప్పుడల్లా గుండీ పక్కకు లాగుతుంది కాబట్టి. అడ్డం తిరిగింది కాబట్టే గట్టిగా పట్టుకుంటుంది. ఇవతలి గట్టు వేశాను, కట్టు వేశాను, చొక్కా తిప్పి అవతలి గట్టు మొదలుపెట్టాను. కాలు ఆడుతోంది, మిషన్ టకటకా కొట్టుకుంటోంది, నా తల వెనక నుంచి మా ఆయన గొణిగాడు, ప్రార్థనలాగా, తనకే వినపడనట్టు.

"డిక్కీల నేనే పెట్టిన హేమ్లీ. తప్పు జేసిన."

ప్రతి అక్షరం వినపడింది. ఇన్నేళ్లలో ఆయన నాతో అన్న మాటల్లో ఇంత స్పష్టంగా వినపడ్డది ఇంకోటి లేదు. కాలు ఆపాను. సూది బట్టలోనే ఉంది. అరుగు మీద మా బావ తువ్వాలు దులుపుకోవడం వినపడింది. గదిలో జ్యోత్స్న బూట్ల మీద బ్రష్షు ఆపింది.

"ఏమన్నవ్? మిషన్ చప్పుడుకు వినబడలే."

"వినబడ్డది నీకు."

"నాకు వినబడుడు ముఖ్యం గాదు. నాకు చొక్కా ఒళ్లె పెట్టినప్పుడే ఎరుక." గడప వైపు చూపించాను. "బావతోని నేను మాట్లాడను గదా. నువ్వే చెప్పాలె."

వెళ్తాడా? వెళ్లకపోయినా ఈ గట్టు పూర్తిచేస్తాను, నేనే కోస్తాను, పిల్లను బస్సు దాకా నేనే నడిపిస్తాను, కొంగు కప్పుకుని మా బావ ముందు నుంచే. ఆయన వెళ్లడం మీద ఈ చొక్కా ఆధారపడి లేదు. అది ఆయనకు తెలుసు, అందుకే ఆయన కాళ్లు కదిలాయనుకుంటాను. గడప మీద నిలబడ్డాడు, బ్లేడు ఇంకా చేతిలోనే ఉంది, పెట్టేయడం మర్చిపోయాడు. మా బావ తలెత్తాడు. జ్యోత్స్న గది తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏందిరా బాబూ?"

మైదానంలో ఆ చివరి పిల్లాడికి వినపడేలా అరిచే గొంతు మా ఆయనది. ఆ గొంతుతోనే చెప్పాడు.

"అన్నా, కాజాల మిషన్ ఏం ఖరాబు గాలే. అంగీ దాచిపెట్టింది నేనే. నీకు కాదని చెప్పనీకె ధైర్యం లేక, పిల్లకు పోవద్దని చెప్పనీకె మొహం లేక, బస్సు తప్పిస్తే అయిపాయె అనుకున్న. తప్పు నాది. నీది గాదు, పిల్లది గాదు, నాదే తప్పు."